అరచేతిలోని బైబిలు: తెలుగు పదసూచిక ప్రశ్న

బైబిలు పఠనమునకై చేతి యంత్రములపై నడచు సాఫ్ట్‌వేరును నిర్మించుట మతబోధకుల పని యని కొందఱును, యంత్రజ్ఞుల పని యని కొందఱును తలంచుటచే, భాషాశాఖల వారు ఆ విషయమును తమ చూపునకు దూరముగనే యుంచినారు. ఈ ఉపేక్ష పొరపాటు. ఒక మహాగ్రంథమును అరచేతిలో ఇముడ్చుకొని, అందలి ఏ పదమును కోరినను ఆ పదమున్న ప్రతి స్థలమును క్షణములో చూపవలె నన్న ప్రయత్నము ఒక భాషకు గట్టి పరీక్ష. ఆ భాష వ్యాకరణము యంత్రమునకు ఎంతవఱకు అందినదో ఈ పరీక్షలో తేలిపోవును. ఇంగ్లీషు దానిలో ముప్పది సంవత్సరముల క్రిందటనే నెగ్గినది. తెలుగు నేటికిని నెగ్గలేదు. దోషము యంత్రమునది కాదు. చాలవఱకు ప్రోగ్రాము వ్రాయువారిదియు కాదు. వారికి అందవలసిన సామగ్రి అందవలసిన చోటునుండి అందలేదు.

బైబిలును చదువుట వేఱు, బైబిలును పరిశీలించుట వేఱు. చదువుటకు పాఠము చాలును. పరిశీలించుటకు మూడు పరికరములు కావలెను. ఏ వాక్యమునైనను నిస్సందేహముగ చూపగల చిరునామా మొదటిది. ఏ పదము ఎచ్చటెచ్చట ప్రయుక్తమైనదో తెలుపు పదసూచిక రెండవది. ఆ పదము వెనుక నున్న మూలభాషాపదమును చూపు కోశము మూడవది. ఈ మూడును కంప్యూటరు యుగమున పుట్టినవి కావు. అధ్యాయ విభాగమును 13వ శతాబ్ది ఆరంభమున స్టీఫెన్ లాంగ్టన్ ఏర్పఱచెను. ఆ శతాబ్దిలోనే పారిస్ నగరమున హ్యూ ఆఫ్ సెయింట్ షేర్ నాయకత్వమున డొమినికన్ సన్న్యాసులు లాటిన్ బైబిలునకు పదసూచిక కట్టిరి. నేడు వాడుకలోనున్న క్రొత్త నిబంధన వచనసంఖ్యలు 1551లో రొబేర్ ఎస్తియెన్ అచ్చువేసిన ప్రతినుండి వచ్చినవి. ఇంగ్లీషు బైబిలునకు అలెగ్జాండర్ క్రూడెన్ 1737లోను, జేమ్స్ స్ట్రాంగ్ 1890లోను సూచికలను ప్రకటించిరి. స్ట్రాంగ్ చేసిన పనిలో విశేష మేమనగా, ప్రతి హీబ్రూ పదమునకును ప్రతి గ్రీకు పదమునకును ఒక్కొక్క సంఖ్య నిచ్చుట. హీబ్రూ భాగమున 8,674 సంఖ్యలు, గ్రీకు భాగమున 5,624 వఱకు సంఖ్యలు కలవు. ఈ సంఖ్యలు లేకున్నచో నేటి బైబిలు సాఫ్ట్‌వేరులో సగము లేదు. యంత్రము వచ్చునప్పటికి ఏడువందల యేండ్ల పండితశ్రమ దానికొఱకు సిద్ధముగ నుండెను. ఈ సంగతి తఱచు మఱుగున పడుచున్నది.

చేతి యంత్రముల ప్రారంభదశ చిత్రమైనది. ఫ్రాంక్లిన్ సంస్థ బైబిలునకే ప్రత్యేకించిన చిన్న యంత్రమును విక్రయించినది. 1996లో పామ్ సంస్థ పైలట్ అను యంత్రమును తెచ్చినది. దాని చిన్న నమూనాలో జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు. తెర అడ్డముగ 160, నిలువుగ 160 చుక్కలు. కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలులో 7,80,000లకు పైగా పదములు, సుమారు 43 లక్షల అక్షరములు కలవు. అనగా పాఠమును ఉన్నదున్నట్లు నింపదలచినచో అట్టి యంత్రములు ముప్పదికి పైగా కావలెను. మఱుసటి సంవత్సరము వచ్చిన ప్రొఫెషనల్ నమూనాలో జ్ఞాపకశక్తి ఒక మెగాబైటునకు పెరిగినను చాలలేదు. అదియును గాక పామ్ వ్యవస్థలో ఒక్కొక్క దత్తాంశఖండము 64 కిలోబైట్లకు మించరాదు. అయినను 1998లో స్థాపితమైన లారిడియన్ వంటి చిన్న సంస్థలును, జీతము లేక రాత్రులందు కూర్చుండి ప్రోగ్రాములు వ్రాసిన ఔత్సాహికులును ఆ యిఱుకులోనే బైబిలును ప్రవేశపెట్టిరి.

ఇది సాధ్యమైన తీరు భాషాశాస్త్రజ్ఞులు గమనింపదగినది. కింగ్ జేమ్స్ బైబిలులో పదములు ఏడు లక్షలకు పైబడినను వేర్వేఱు పదరూపములు సుమారు పండ్రెండు పదమూడు వేలు మాత్రమే. ఆ రూపముల నన్నిటిని ఒక పట్టికలో నుంచి, పాఠములో పదమునకు బదులు పట్టికలోని దాని వరుససంఖ్యను మాత్రము వ్రాసినచో ఒక్కొక్క పదమునకు రెండు బైట్లు చాలును. 43 లక్షల బైట్లు 16 లక్షలకు దిగును. ఇంకొక లాభము అప్రయత్నముగ సిద్ధించును: పాఠము పదసంఖ్యలుగ మారినది గనుక పదమును వెదకుట యనగా ఒక సంఖ్యను వెదకుటయే. పాఠమును కుదించు ఉపాయమే పదసూచికకును పునాది యైనది. ఇంగ్లీషు పదము రూపము మారక నిలుచు స్వభావము గలది కావుననే ఈ ఉపాయము ఇంత సుళువుగ ఫలించినది.

ఇదే ఉపాయమును తెలుగునకు వర్తింపజేసినచో పట్టిక మొదటి మెట్టులోనే తెగిపోవును. ఇంగ్లీషులో నామమునకు రెండు మూడు రూపములు, క్రియకు నాలుగైదు రూపములు. తెలుగులో ఒక్క క్రియాధాతువునకు కాలము, పురుషము, వచనము, వ్యతిరేకము, చేదర్థము, అప్యర్థకము, ప్రేరణము, వీనిపై చేరు నవధారణార్థకములు కలిసి వందల కొలది రూపము లేర్పడును. నామమున విభక్తిప్రత్యయమును సముచ్చయమును అంటుకొని ఒకే పదముగ అచ్చగును. ఇంగ్లీషులో నాలుగు పదములైనది తెలుగులో ఒక్క పదము. కాబట్టి తెలుగు పాఠమున మొత్తము పదములు తగ్గును, వేర్వేఱు పదరూపములు పెరుగును. కుదింపునకును వెదకుటకును రెంటికిని ఇది ప్రతికూలము. తమిళ, కన్నడ, మలయాళములకును ఇదే చిక్కు. మలయాళమునకు సంధివలన ఇంకను హెచ్చు. ఆర్యభాషలలో హిందీకి విభక్తి ప్రత్యయములు తఱచు విడిగా నిలుచును గనుక కొంత మేలు.

లిపి విషయమున పడిన బాధలు నేటికి చాలవఱకు తీరినవి. కావున వానిని విస్తరింప నక్కఱలేదు. 1991లోనే యూనికోడ్ తెలుగునకు స్థానము కల్పించినను చేతి యంత్రములకు అది చేరుటకు చాల కాలము పట్టినది. తొలినాటి ఆండ్రాయిడ్ ఫోనులలో తెలుగు అక్షరములకు బదులు ఖాళీ చతురస్రములు కనబడెడివి. స్త్రీ అను ఒక్క అక్షరము యూనికోడులో ఆరు సంకేతములు. యూటీఎఫ్-8 పద్ధతిని వ్రాసినచో 18 బైట్లు. యంత్రముల జ్ఞాపకశక్తి విస్తారమైన పిదప ఈ లెక్కకు విలువ పోయినది. అయితే అక్షరసంయోగము నేటికిని యంత్రజ్ఞులకు పూర్తిగ స్వాధీనము కాలేదనుటకు 2018 ఫిబ్రవరిలో జరిగిన వింత యొకటి చాలును. జ్ఞా అను అక్షరము ఒకానొక విధముగ, నడుమ కనబడని సంకేతముతో, కూర్పబడి వచ్చినప్పుడు ఆపిల్ ఫోనులలో దానిని ప్రదర్శింపబోయిన ప్రోగ్రాము కుప్పకూలెడిది. సంస్థ వారు కొలది దినములలోనే సవరణను పంపిరి. జ్ఞానము మొదటి అక్షరమే యంత్రమునకు మింగుడుపడకుండుట చూచి తెలుగువారు నవ్వుకొనిరి. కాని ఆ సంకేతక్రమమును పరీక్షింపవలె నని ముందుగ చెప్పగల తెలుగు వైయాకరణుడు ఆ కర్మాగారమున ఒక్కడున్నను ఆ నవ్వు అవసరమయ్యెడిది కాదేమో.

ఇక అసలు ప్రశ్న. తెలుగు బైబిలు నేడు ఫోనులో దొరకుట దుర్లభము కాదు. 2008 జూలైలో ఆపిల్ సంస్థ యాప్‌ల అంగడిని తెఱచిన దినముననే యూవెర్షన్ బైబిలు అందుండెను. ఆండ్రాయిడునకును పలు యాప్‌లు వచ్చినవి. క్రాస్‌వైర్ సంఘము వారి స్వోర్డ్ అను స్వేచ్ఛాసాఫ్ట్‌వేరు పలు భాషల పాఠములకు వేదికగ నిలిచినది. వీనిలో తెలుగు పాఠము చక్కగ కనబడును. కొన్నిట చదివి వినిపింపబడును. కాని ఒక పదమును వెదకబోయినప్పుడు యంత్రము చేయుపని చాలవఱకు అక్షరముల వరుసను పోల్చి చూచుట మాత్రమే.

ఒక ఉపదేశకుని ఊహింపవచ్చును. గుంటూరు ప్రాంతపు పల్లెలో ఆదివారపు ప్రసంగమునకు సిద్ధపడుచు, పాపమును గూర్చిన వాక్యము లన్నిటిని ఒకచోట చూడగోరి, ఫోనులో "పాపం" అని టైపు చేయును. చాలకాలముగ చర్చిలలో చదువబడుచున్న తెలుగు అనువాదము గ్రాంథికభాషలో నున్నది. అందు ఆ మాట "పాపము" అని యుండును. సున్నకును ము కారమునకును యంత్రము దృష్టిలో ఏ బంధుత్వమును లేదు. ఆ వరుస అక్షరములు లేవు గనుక ఫలితము శూన్యము. బైబిలులో పాప ప్రసక్తి లేదని ఫోను చెప్పినట్లే! విశ్వాసం, రాజ్యం, సత్యం అనువాని గతియు నిదియే. గ్రాంథిక వ్యావహారిక వివాదము గిడుగు రామమూర్తిగారి తరముతో సమసిన దని తలంచువారు ఈ వెదకుడు పెట్టెను ఒకసారి పరికింపవలెను. చదువు పాఠము ఒక భాషలోను, వెదకు చేయి ఇంకొక భాషలోను ఉన్నవి. నడుమ నిలిచి రెంటిని కలుపు వ్యాకరణము యంత్రములో లేదు.

పోనీ, గ్రాంథికరూపమునే టైపు చేసినా డనుకొన్నను గట్టెక్కడు. "దేవుడు" అని వెదకినచో దేవుడును అనునది చిక్కును. దేవుని, దేవునికి, దేవునియందు, దేవా అనునవి జారిపోవును. కొసను కోసి "దేవు" అని వెదకుమని కొందఱు సలహా నిత్తురు. సంబోధన అప్పటికిని జారిపోవును. పదాంతములను కోసివేయు ఈ పద్ధతి ప్రాతిపదిక మారని చోట కొంత పనిచేయును. తెలుగులో అతిసామాన్యములైన మాటలలోనే ప్రాతిపదిక మారును: ఇల్లు, ఇంటి, ఇండ్లు, నీరు, నీటి, నీళ్లు, రాయి, రాతి, రాళ్లు, కన్ను, కంటి. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున ఔపవిభక్తికము లని వీనికి ప్రకరణముననే చోటిచ్చెను. ఇల్లు, రాయి, నీరు, కన్ను, చేయి, నోరు లేక బైబిలు కథ ఏ పుటలోనైనను నడచునా? కోసినకొలది ఇంటిలో "ఇ" తప్ప మిగులదు.

క్రియలలో ఈ సంకటము ఇంకను పెద్దది. వచ్చు ధాతువు వచ్చెను, వచ్చుచు అనుచోట ఒక రూపము. రాడు, రాక, రావలెను అనుచోట ఇంకొకటి. రమ్ము, రండు అనుచోట మఱియొకటి. వత్తును అనుచోట వేఱొకటి. తెచ్చు, తేడు, తెమ్ము, ఇచ్చు, ఈయడు, ఇమ్ము, ఇవన్నియు నట్టివే. ఇంగ్లీషువాడు కమ్, కేమ్ అను రెండు రూపములను పట్టికలో జోడించి ఊరకుండగలడు. తెలుగున అట్టి జోడింపు ఒక వ్యాకరణగ్రంథమే.

ఇంతవఱకు చెప్పినవి వెదకినది దొరకకపోవు చిక్కులు. వెదకనిది దొరకుట రెండవ చిక్కు. చేత అనునది తృతీయావిభక్తి ప్రత్యయము; చేతి, చేతులు అనునవి చేయి శబ్దమునకు రూపములు. అక్షరములను మాత్రము పోల్చు యంత్రమునకు హస్తము గూర్చి అడిగినచో తృతీయావిభక్తులు వేలకొలది కుమ్మరింపబడును. కాలి అనగా పాదసంబంధమైనది యనియు అగును, దగ్ధమై యనియు అగును. నాటి యనగా ఆ దినమునకు సంబంధించినది, లేదా మొక్కను పాతి. కల యనగా స్వప్నము, లేదా కలిగిన. ఏటి యనునది ఏఱు శబ్దమునకును ఏడాది యను అర్థముగల ఏడు శబ్దమునకును సమానమైన రూపము. యొర్దాను నదినో బబులోను ఏరులనో గూర్చి పరిశీలించువానికి ఈ చివరి మాట ఎంత చికాకు కలిగించునో చెప్పనక్కఱలేదు. వీనిలో నేది యేదియో నిర్ణయించుటకు వాక్యము చదివిన మనుష్యుడు కావలెను. ఆ మనుష్యునికి తెలుగు రావలెను.

చిన్నచిన్న వ్రాతభేదములు వేఱు. వ్రాయు, రాయు, దుఃఖము, దుఖము, ళ్ల, ళ్ళ, అన్యభాషానామముల నడుమ పొల్లుపై నుంచు అదృశ్యసంకేతము కొన్ని ప్రతులలో నుండుట, కొన్నిట లేకుండుట. ఐత్వమును యూనికోడులో ఒకే సంకేతముగను వ్రాయవచ్చును, రెండు సంకేతములుగను వ్రాయవచ్చును. కంటికి భేదము లేదు, యంత్రమునకు కలదు. ఇవి యంత్రజ్ఞులు స్వయముగ సరిచేసికొనదగినవి, చెప్పినచో చేయుదురు.

మూలభాషాకోశము విషయమున నష్టము సూక్ష్మమైనది గాని లోతైనది. ఇంగ్లీషు పాఠకుడు ఫోనులో ఒక పదముపై వ్రేలుంచినచో స్ట్రాంగ్ సంఖ్య కనబడి హీబ్రూ లేక గ్రీకు పదము తెఱచుకొనును. తెలుగు పాఠకునికి ఆ సౌకర్యము కావలెనన్నచో ఇంగ్లీషు అనువాదము మీదుగ పోవలసి యున్నది. ఈ మార్గము త్రోవ తప్పించును. కృప అను తెలుగు పదమును తీసికొందము. హీబ్రూలోని హెసెద్ అను పదమునకును, గ్రీకులోని ఖారిస్ అను పదమునకును ప్రసిద్ధ తెలుగు అనువాదము పలుచోట్ల కృప యనియే వాడినది. కింగ్ జేమ్స్ ఇంగ్లీషులో మొదటిదానికి తఱచు మెర్సీ యనియు, రెండవదానికి గ్రేస్ అనియు రెండు మాటలు. ఇంగ్లీషు పాఠకునకు వేఱుగ కనబడునవి తెలుగు పాఠకునకు ఒక్కటిగ కనబడును. కావున అతనికి క్రొత్త సంబంధములు స్ఫురించును, క్రొత్త భ్రమలును కలుగును. స్ఫురించినది సత్యమా భ్రమయా తేల్చుకొనుటకు అతనికే మూలపదముల అవసరము హెచ్చు. అతనికే అవి అందుట లేదు. మఱియొక యెడ, యోహాను సువార్త చివరి అధ్యాయమున యేసునకును పేతురునకును జరిగిన సంభాషణలో గ్రీకున అగపావ్, ఫిలేవ్ అను రెండు క్రియలు మారిమారి వచ్చును. తెలుగున ప్రేమించు అను ఒకే ధాతువు. ఈ భేదమునకు అర్థవిశేష మున్నదా లేదా యని పండితులలో వాదము కలదు. ఆ వాద మొకటి యున్నదని తెలుగు పాఠము చదువువానికి తెలియుటకే దారి లేదు.

తెలుగు పదమునకు నేరుగ మూలపదమును జతపఱచుట యంత్రము తనంత చేయు పని కాదు. విశాఖపట్టణమున 1805లో క్రాన్, దెగ్రాంజి యను మిషనరీలు అనువాదమున కుపక్రమించినప్పుడు ఆనందరాయరు అను తెలుగు బ్రాహ్మణుడు వారికి తోడ్పడెను. నాటినుండియు ఈ పని రెండు విద్యలు గలవారు ప్రక్కప్రక్కన కూర్చుండి చేసినదే. హీబ్రూ, గ్రీకు తెలిసిన దైవశాస్త్ర కళాశాలల వారును, తెలుగు వ్యాకరణము తెలిసిన విశ్వవిద్యాలయముల వారును నేడు అట్లు కూర్చుండుట అరుదు. ఒకరికి మఱియొకరి శాల మతసంబంధి; వీరికి వారి శాల లౌకికము. ఈ సంకోచము వలన నష్టపోవునది ఏ మతమును కాదు, భాష.

ఇచ్చట ఒక ఆక్షేపము వినబడును. కృత్రిమమేధ వచ్చిన యీ కాలమున ధాతువుల పట్టికలును పదసూచికలును ఎందుకు? ప్రశ్నను వాడుకభాషలో అడిగినచో యంత్రము తానే గ్రహించి బదులు చెప్పును గదా? ఈ వాదమున కొంత బలము కలదు. పాపం అని అడిగినను పాపము గూర్చిన వాక్యములను తెచ్చి యిచ్చుటలో ఆ యంత్రములు నిజముగనే నేర్పరులు. కాని పదసూచికను కోరువాడు కోరునది కొన్ని మంచి ఉదాహరణములను గాదు. ఉన్నవన్నియు కావలెను, లేనిదొక్కటియు రాకూడదు. ఒక పదము ఒక గ్రంథమున ఇరువది మూడుచోట్ల మాత్రమే యున్నదని నిశ్చయించి చెప్పుటపై వాదములు నిలుచును. సంభావ్యతను బట్టి బదులు చెప్పు యంత్రము అట్టి పూచీ పడజాలదు. లేని వాక్యమును ఉన్నదానివలె చెప్పిన సందర్భములును కలవు. పైగా నెట్‌వర్కు అందని యూళ్లలో ఆ సేవ అందదు. చేతి యంత్రమునకై సాఫ్ట్‌వేరు వ్రాయువాడు మొదటినుండియు పాటించిన నియమము గ్రంథమంతయు అరచేతిలోనే యుండవలెననుట. ఆ నియమము నేటికిని విడువదగినది కాదు.

ధాతుమూలకమైన సూచికకు చోటు చాలదను భయము నిరాధారము. ప్రొటెస్టెంటు బైబిలులో 66 గ్రంథములు, 1,189 అధ్యాయములు, ఇంగ్లీషు లెక్కను 31,102 వచనములు. రెండు బైట్లలో 65,536 సంఖ్యలు పట్టును. కావున ఏ వచనపు చిరునామాయైనను రెండు బైట్లలో ఇముడును. తెలుగు పాఠమున ఆరు లక్షల పదము లున్నవనియే యనుకొన్నను, వాని యన్నిటి చిరునామాలు కలిసి పండ్రెండు లక్షల బైట్లు. నేటి ఫోనుతో తీసిన ఒక ఛాయాచిత్రమునకు తఱచు ఇంతకంటె హెచ్చు చోటు పట్టును. పామ్ యంత్రపు కాలమున ఇది దుస్సాధ్యము. ఇప్పుడు చోటు ఒక ప్రశ్నయే కాదు. లోపించినది ఆ చిరునామాలకు తలకట్టుగ నుండవలసిన ధాతుప్రాతిపదికల పట్టిక, పాఠములోని ఏ రూపము ఏ తలకట్టు క్రిందికి వచ్చునో తెలుపు నిర్ణయము.

ఈ విద్య తెలుగునకు క్రొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించిన నన్నయ పదప్రయోగ కోశము చేతివ్రాత చీటీల కాలమున సాగిన అట్టి పనియే. భద్రిరాజు కృష్ణమూర్తిగారి తెలుగు ధాతువుల గ్రంథము 1961లో వెలువడినది. విదేశమున ఫాదర్ రొబెర్టో బూసా 1940ల చివర ఐబీఎం సంస్థ తోడ్పాటుతో థామస్ అక్వినాస్ రచనలకు సూచిక నారంభించి, 56 సంపుటములుగ వెలువరించెను. పదములను యంత్రము క్షణములో క్రమపఱచినను, లాటిన్ రూపములను వాని ప్రాతిపదికల క్రిందికి చేర్చుటకే ఆయన బృందమునకు దీర్ఘకాలము పట్టెను. హైదరాబాదు విశ్వవిద్యాలయమున తెలుగునకు పదవిశ్లేషణ ప్రోగ్రాములు నిర్మింపబడినవి. అనగా మార్గము తెలియనిది కాదు. కాని విశ్లేషణయంత్రము ఏటి యను రూపమునకు రెండు సమాధానములు చెప్పి ఊరకుండును. రెంటిలో ఒకదానిని ఎన్నుకొనుట, ఎన్నుకొన్నదానిని వచనము వచనమునకు గుర్తించి దాచుట, దానిని అందఱకు అందుబాటులో నుంచుట మిగిలియున్నవి. విశ్వవిద్యాలయములలో ఇట్టి ప్రోగ్రాములు పరిశోధనపత్రము వెలువడు వఱకు బ్రతుకును. పిదప వానిని ఎవరును ఫోనులోనికి చేర్చరు. ప్రోగ్రాము వ్రాయు ఔత్సాహికునకు అవి యున్నవనియే తెలియదు. ఇచ్చట నిష్ఠురమాడవలసినచో శాఖలనే ఆడవలెను.

దీనికి బైబిలునే యేల ఎన్నుకొనవలెను, భారతమునే చేపట్టరాదా యని అడుగువారుందురు. చేపట్టవచ్చును, చేపట్టవలెను గూడ. అయినను మొదట బైబిలును చేపట్టుటలో ఒక సౌలభ్యము కలదు. దాని చిరునామాలు ముద్రణకు ముద్రణకు దాదాపు మారవు. కీర్తనల శీర్షికలను హీబ్రూ ప్రతులలో తఱచు వచనముగ లెక్కించుట, మలాకీ గ్రంథమునకు హీబ్రూలో మూడధ్యాయములును ఇంగ్లీషులో నాలుగును ఉండుట వంటి భేదములు కలవు; కథోలిక బైబిలులో గ్రంథములు 73. కాని ఈ భేదములు తెలిసినవి, పట్టికగా కట్టబడినవి. ఆంధ్రమహాభారతమున పద్యసంఖ్య ఒక ముద్రణనుండి మఱియొక ముద్రణకు మారును. వేమన పద్యములకైతే నిలుకడయైన చిరునామాయే లేదు. బైబిలు విషయమున వందల భాషల అనువాదములు వచనము వచనమునకు సరిగ ఎదురెదురుగ నిలిచి యుండుటచే, తెలుగు రూపము సందిగ్ధమైనప్పుడు ప్రక్కనున్న కన్నడ తమిళ పాఠములు దారి చూపును. దక్షిణభాషల శాఖలు నాలుగును ఒకే గ్రంథముపై ఒకే పద్ధతిని పనిచేయుటకు ఇంతకంటె అనువైన పాఠము వేఱొకటి లేదు. ఆ పనిలో ఏర్పడిన ధాతుపట్టిక రేపు కవిత్రయమునకును అక్కఱకు వచ్చును. రాతి, నీటి, ఇంటి రూపములకు మతభేదము లేదు.

రెండు జాగ్రత్తలు చెప్పక తప్పదు. అనువాదముల హక్కులు వానిని ప్రకటించిన సంఘములకు చెందియుండును. పాఠమును అనుమతి లేక ప్రతి చేసికొనుట తగదు. సూచిక మాత్రము పాఠము కాదు. దానిని పాఠమునుండి వేఱుచేసి, ఎవరైనను తమ ప్రోగ్రామునకు తగిలించుకొను విధమున బహిరంగముగ నుంచవలెను. రెండవది, అచ్చుతప్పుల సంగతి. టైపు చేసిన పాఠమున దొర్లిన తప్పు ఒక యాప్ నుండి ఇంకొక యాప్‌నకు ప్రతి వెంబడి ప్రతిగ ప్రాకును. తప్పుగ నున్న పదము ఏ సూచికకును దొరకదు. ముద్రితప్రతితో ఒకమారు పోల్చి సరిచూచిన పాఠమే సూచికకు ఆధారము కావలెను. ఈ పోలిక విసుగు పుట్టించు పని. పాఠపరిష్కరణమున చేయి తిరిగినవారు తెలుగు శాఖలలో తప్ప మఱెచ్చట నున్నారు?

సంధిగ్రస్తములును ద్వ్యర్థకములును అగు రూపముల పట్టికతో పని నారంభింపవచ్చును. చేత, కాలి, నాటి, కల, ఏటి వంటివి బైబిలు పాఠమున ఎన్ని కలవో, ఒక్కొక్కటి ఎన్ని వచనములలో వచ్చినదో, ప్రతి వచనమున దాని యర్థమేదో నిర్ణయించుట ఒక పరిశోధకవిద్యార్థికి పిహెచ్.డి. పట్టమునకు చాలిన విషయము. మొదట నాలుగు సువార్తలను మాత్రము తీసికొన్నను చాలును.